ఏడవ నియమం

నవంబరు 4, ఉదయం ఆరు గంటలు

గౌరవనీయులైన పాఠశాల నిర్వాహక సంఘం వారికి,

నమస్కారములు. తేదీ, స్థలము సాఫు ప్రతిలో వేయబడును. తాము నాయందు విశ్వాసముంచి అప్పగించిన విచారణను పూర్తి చేసి, ఈ క్రింది నివేదికను సమర్పించుకొనుచున్నాను.

ఇంతవరకు రాసి ఆపాను. విచారణ ఇంకా మొదలు కాలేదు. ముగింపు నాకు తెలుసు కనుక ఉపోద్ఘాతం ముందే రాసి పెట్టుకోవడంలో దోషం లేదు.

నిన్న సాయంత్రం హెడ్మాస్టరు ఇంటికి వచ్చాడు. నా దగ్గర చదివినవాడే. పదవ తరగతిలో పిపెట్టు అనే సన్నటి గాజుగొట్టంతో క్షారాన్ని నోటితో పీల్చేటప్పుడు, కళ్ళు గీత మీద పెట్టవలసినవాడు కిటికీ మీద పెట్టి, ఒక గుక్కెడు నోట్లోకి లాగాడు. పది రోజులు నాలుక మొద్దుబారి, అన్నం బదులు మజ్జిగ తాగాడు. అజాగ్రత్తకు శిక్ష అని తరగతి ఎదుట నిలబెట్టాను. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా అతని పేరు పిపెట్టే.

రెండు కాగితాలు తెచ్చాడు. కొత్తగా కట్టిన కెమిస్ట్రీ ల్యాబుకు నా పేరు పెడుతున్నారట. ఈ నెల ఇరవై రెండున ప్రారంభం. చలువరాతి పలక మీద అక్షరాలు చెక్కడం కూడా అయిపోయిందట. అది మొదటిది. పాత ల్యాబు స్టోరు గదిలో పది రోజుల కిందట సీసా పేలిన సంగతి విచారించి నివేదిక ఇమ్మని నియామక పత్రం రెండవది. అందులో నాలుగు తప్పులున్నాయి. ఎర్ర ఇంకుతో దిద్ది అతని చేతికే ఇచ్చాను. మీరింకా మారలేదు మాస్టారూ, శుభలేఖలు కూడా దిద్ది వెనక్కి పంపిస్తారటగా అని నవ్వాడు. పంపిస్తాను. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. పిల్లలు నన్ను కామా మాస్టారు అనేవారు. దాన్ని నేను బిరుదుగానే స్వీకరించాను.

పేలింది హైడ్రోజన్ పెరాక్సైడు సీసా. గాయపడింది ల్యాబు అటెండరు. ఆమెను అందరూ బ్యూరెట్టమ్మ అంటారు. సన్నగా, పొడుగ్గా, స్టాండుకు బిగించిన బ్యూరెట్టు గొట్టంలా నిటారుగా ఉంటుంది. ఎవరు పిలిచినా పలుకుతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పని నేర్పినవాణ్ణి నేను. ముంజేతికి ఏడు కుట్లు పడ్డాయి, ప్రస్తుతం సస్పెన్షన్‌లో ఉంది. ఆమె అజాగ్రత్త వల్లనే సీసా పేలిందని సంఘం వారి అభిప్రాయం. నా నివేదిక అదే చెబితే ఉద్యోగం పోతుంది. తల్లిదండ్రులు అడుగుతున్నారు మాస్టారూ, ఎవరో ఒకరి పేరు కాగితం మీద ఉండాలి కదా అని హెడ్మాస్టరు చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

నేను నేర్పిన మనిషి అజాగ్రత్తగా ఉండటం నాకు అవమానం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొహమాటం నా అలవాటు కాదు.


నవంబరు 5

ల్యాబుకు వెళ్ళాను. గుమ్మంలోనే గొడవ.

ఇప్పటి కెమిస్ట్రీ టీచరుకు ముప్పై ఏళ్ళుంటాయి. నాలుగేళ్ళుగా ఇక్కడ పనిచేస్తోంది. నమస్కారం పెట్టిన చేతులతోనే ఒక జత గాగుల్స్ అందించింది. అక్కరలేదన్నాను. అయితే లోపలికి రావడానికి లేదు సార్ అంది. ఈ గదిలో ముప్పై మూడేళ్ళు ఉత్త కళ్ళతో పనిచేశాను, నాకేమీ కాలేదు అన్నాను. అది మీ అదృష్టం సార్, అనుభవం అనుకుంటే ఎలా అంది. నోరున్న పిల్ల. కళ్ళజోడు మీద గాగుల్స్ తగిలించుకుని లోపలికి అడుగు పెట్టాను. అద్దాల మీద నా ఊపిరే ఆవిరై పట్టింది. నా ల్యాబు నాకే మంచులో కనబడింది.

స్టోరు గది తలుపు మీది బోర్డు చెక్కు చెదరలేదు. నల్లటి చెక్క మీద తెల్లటి ఎనామిల్ పెయింటు, పన్నెండు నియమాలు, ఇరవై రెండేళ్ళ కిందటి నా చేతిరాత. ఆమ్లమును నీటిలో పోయవలెను, నీటిని ఆమ్లములో పోయరాదు. పరీక్షనాళిక మూతిని ఎవరివైపును త్రిప్పరాదు. వాసన చూచునపుడు ముక్కును సీసాకు ఆనించక, అరచేతితో ఆవిరిని తనవైపు విసరుకొనవలెను. ఒక్క అచ్చుతప్పు లేదు. బోర్డు కింద గోడ మీద మాత్రం నాలుగు టేపు మరకలు. ఎవరో ఏదో అంటించి పీకేశారు. గోడలు ఇలా పాడుచేస్తారా అని టీచరును అడిగాను. ఆమె నా వంక చూసి, ఏదో అనబోయి, మళ్ళీ చెబుతాను సార్ అంది.

లోపలి అరలో సీసా అడుగుభాగం మిగిలి ఉంది. మిగతాది ముక్కలైంది. ఒక ముక్క ఎదుటి గోడ సున్నంలో దిగబడింది. అడుగున గాజుకు పలుచగా నల్లటి పొడి అంటుకుని ఉంది. వేలు పెట్టబోయాను. సార్, గ్లవ్స్! అని అరిచింది. నేను పిల్లల మీద ఎలా అరిచేవాడినో సరిగ్గా అలాగే అరిచింది.

పెరాక్సైడు రంగులేని ద్రవం. అందులో నల్లపొడి ఎందుకుంది?


నవంబరు 6

ముక్కు మీద గాగుల్స్ అచ్చు ఇంకా పోలేదు. మా ఆవిడ చూసి, ఇన్నాళ్ళకి మీ ముక్కు మీద కోపం కాకుండా ఇంకోటి కూర్చుంది అని నవ్వింది.


నవంబరు 7, ఉదయం పదకొండు

అటెండరు ఇంటికి వెళ్ళి వచ్చాను. రెండు గదుల ఇల్లు. పళ్ళెం మీద పళ్ళెం, గ్లాసు పక్కన గ్లాసు, పరిమాణం ప్రకారం. మా ల్యాబు అరల్లాగే. చేతికి కట్టు ఉంది. వేళ్ళ చివర తెల్లబడి కాలిన చర్మం ఊడి, ఇప్పుడిప్పుడే కొత్తది వస్తోంది. కళ్ళజోడు ఎడమ అద్దం మీద పెద్ద గీత పడింది. ఈ గీత కంట్లో పడాల్సింది మాస్టారూ, అద్దం అడ్డం వచ్చింది అని తుడిచి మళ్ళీ పెట్టుకుంది. పేలిన వెంటనే చిన్న టీచరమ్మ పరుగెత్తుకొచ్చి, చెయ్యి కుళాయి కింద పెట్టి పావుగంట దాకా తీయనివ్వలేదట. చాలు తల్లీ, నీళ్ళు అయిపోతాయి అంటే, అయిపోనివ్వు అందట.

నేను గంభీరంగా కాగితం తీశాను. జరిగింది జరిగినట్టు, వరుసగా చెప్పమన్నాను.

నేను మీ దగ్గర నేర్చుకున్నదే చేశాను మాస్టారూ, ఒక్క పని కూడా బోర్డు దాటి చేయలేదు అని మొదలుపెట్టింది. రాసుకున్నాను. పెరాక్సైడు ప్లాస్టిక్ సీసాలో వచ్చింది. మీరు చెప్పినట్టే గోధుమరంగు గాజు సీసాలోకి మార్చాను. ప్లాస్టిక్ సీసా మూతే దీనికి పెడదామని చూస్తే సన్నటి చిల్లు ఉంది. కంపెనీవాళ్ళు చిల్లుమూత అంటగట్టారు అనుకుని అది అవతల పారేశాను. ఆమ్లం సీసా ఖాళీ అయితే దాని మూత కడిగి ఆరబెట్టి బిగించాను. నిజం చెప్పాలంటే, కనిపెట్టినందుకు నాకు నేనే మెచ్చుకున్నాను మాస్టారూ.

రాసుకున్నాను.

బుధవారం తొమ్మిదో తరగతికి ఆక్సిజన్ తయారీ. పిల్లలు నల్లపొడి మీద పెరాక్సైడు చుక్కచుక్కగా వేశారు. బీకర్లలో సగానికి సగం మిగిలింది. పారబోయకూడదు కదా. ఒక బీకరులో కాస్త నల్లగా కనబడితే అలాగే పోస్తానా? గరాటులో ఫిల్టర్ పేపరు మడిచి, మీరు నేర్పినట్టు నాలుగు మడతలు, వడకట్టాను. నీళ్ళలా తేటగా వచ్చింది. తిరిగి సీసాలో పోసి మూత గట్టిగా బిగించాను. గురువారం సీసా ముట్టుకుంటే కాస్త వెచ్చగా ఉంది. ఎండ తగులుతోందేమో అని లోపలి అరలోకి మార్చాను. శుక్రవారం లిట్మస్ కాగితాల డబ్బా కోసం వెళ్తే…

ఇక్కడ ఆమె ఆగింది. పెన్ను ఆగిపోయిందేం మాస్టారూ, ఇంకు అయిపోయిందా అని అడిగింది.

అవునన్నాను. ఇంకు నిండా ఉంది.


నవంబరు 7, మధ్యాహ్నం మూడు

నల్లపొడి మాంగనీస్ డయాక్సైడు. కంటికి కనబడనంత ఉన్నా చాలు. పెరాక్సైడు విరుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది, సీసా వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వాయువు బయటికి పోవడానికే కంపెనీవాళ్ళు మూతకు చిల్లు పెడతారు. ఇది నాకు తెలియదా? తెలుసు. తొమ్మిదో తరగతి పాఠం.

ఏడవ నియమం: మిగిలిన రసాయనమును పారబోయరాదు. శుభ్రపరచి తిరిగి సీసాలో పోయవలెను.
ఎనిమిదవ నియమం: చిల్లుపడిన మూతను వాడరాదు. మూతను గట్టిగా బిగింపవలెను.

అయినా నేను ఒప్పుకోను. ఆ రోజులు వేరు. ఏడాదికి ఒక్కసారి రసాయనాలు వచ్చేవి. జూన్‌లో వచ్చిన సీసా మార్చి దాకా రావాలి. సిల్వర్ నైట్రేట్ చుక్కలు లెక్కపెట్టి వాడాం. పక్క బడుల్లో పిల్లలు ప్రయోగాలు బొమ్మల్లో చూసి పరీక్ష రాస్తుంటే, మా పిల్లలు చేతులతో చేసి రాశారు. అది ఏడవ నియమం వల్లనే. అప్పటి తనిఖీ అధికారి ఆ బోర్డు ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ళు ఏ సీసా పేలలేదు.

ఇరవై రెండేళ్ళు పేలలేదు. అది మీ అదృష్టం సార్, అనుభవం అనుకుంటే ఎలా?

ఆ పిల్ల నోరు నా చెవిలోనే కాపురం పెట్టింది.


నవంబరు 9

రుజువు లేకుండా నమ్మేవాణ్ణి కాను, నా మీద నేరాన్నయినా సరే. టీచరును ప్రయోగం చేద్దామన్నాను.

ఆమె చెప్పినట్టల్లా చేశాను. గాగుల్స్, గ్లవ్స్, ఏప్రన్. కిటికీలన్నీ తెరిచింది. సీసా అడుగున ఉన్న నల్లపొడిని గాజుకడ్డీతో గీకి, ఆవగింజలో నాలుగోవంతు పరీక్షనాళికలో వేసింది. డ్రాపర్‌తో కొత్త పెరాక్సైడు పది చుక్కలు. నాళికను పట్టుకారుతో పట్టుకుని మూతిని గోడవైపు తిప్పాను. అంత చిన్న నలుసు చుట్టూ బుసబుసా నురగ లేచింది. అడుగుభాగం వేడెక్కింది. పుల్లను వెలిగించి ఆర్పి, కొసన నిప్పు ఉండగా మూతి దగ్గర పెట్టాను. భగ్గున మళ్ళీ అంటుకుంది.

ఎన్ని వందలసార్లు ఈ పుల్ల వెలిగించానో. వెలిగినప్పుడల్లా పిల్లలు కేకలు వేసేవారు. ఇవాళ గదిలో ఇద్దరమే ఉన్నాం.

తరువాత వడకట్టిన ద్రవంతో కూడా చేశాం. మడత పెట్టిన ఫిల్టర్ పేపరు, తేటగా దిగిన పెరాక్సైడు. కొలజాడీలో పోసి, కంటిని ద్రవమట్టానికి సమానంగా తెచ్చి చూడాలని మోకాళ్ళు వంచాను. కీళ్ళు పటపటమన్నాయి. తేటగానే ఉంది. రెండు నిమిషాలకు గాజు గోడను పట్టుకుని సన్నటి బుడగలు, ఒకదాని వెనుక ఒకటి, తీరిగ్గా పైకి. అంత తేట ద్రవంలో.

అప్పుడు టీచరు తన బల్ల సొరుగు తీసి ఒక కాగితం ఇచ్చింది. మూడేళ్ళ కిందట ఆమె నాకు రాసిన ఉత్తరం. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. బోర్డులోని ఏడవ నియమం ప్రమాదకరమని, వాడగా మిగిలిన రసాయనాన్ని తిరిగి సీసాలో పోయకూడదని, మార్చమంటే మాస్టారు రాసింది మార్చడానికి వీల్లేదని హెడ్మాస్టరు అంటున్నారని, కనుక దయచేసి మీరే ఒక్కమాట రాసి పంపితే మారుస్తామని. బోర్డు కింద ఆమె అంటించిన కాగితాన్ని కూడా పీకేశారట. నాలుగు టేపు మరకలు.

ఉత్తరం నిండా ఎర్ర ఇంకు. నా ఇంకు. నా కామాలు. పదకొండు తప్పులు దిద్ది, మార్జినులో "భాషపై శ్రద్ధ అవసరము" అని రాసి, పొట్టి సంతకం పెట్టి వెనక్కి పంపాను. అడిగినదానికి జవాబు లేదు. అసలు నేను ఆ ఉత్తరం చదవలేదు. దిద్దాను.

నాకు గుర్తు కూడా లేదు.

దాచుకున్నావేం అని అడిగాను. ఎప్పటికైనా జవాబు వస్తుందేమోనని సార్ అంది. వెటకారమో కాదో పోల్చుకోలేకపోయాను. ఈ సంగతి బ్యూరెట్టమ్మకు తెలుసా అంటే, తిరిగి పోయొద్దని తనకీ వందసార్లు చెప్పాను, మాస్టారి బోర్డు ఒకమాట చెబుతుంది, మీరొకమాట చెబుతారు, నేను ఎవరి మాట వినాలి, నాకు పని నేర్పింది ఆయన కదా అనేది సార్, అంది.


నవంబరు 10

దిద్దిన పదకొండింటిలో రెండు అసలు తప్పులే కావు.


నవంబరు 12

నివేదిక రాశాను. ఒక పేజీ. కారణం: ఏడవ, ఎనిమిదవ నియమాలు. బాధ్యుడు: నియమాలు రాసినవాడు. రెండవ బాధ్యత: హెచ్చరిక అందినా పట్టించుకోనివారిది, అందులోనూ మొదటివాడు నేనే. అటెండరు దోషం ఏమీ లేదు.

హెడ్మాస్టరు గదిలో ఇచ్చాను. చదివి, లేచి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

ఇదేంటి మాస్టారూ అన్నాడు. తెలుగే కదా అన్నాను. జోకులొద్దు, పలక చెక్కించాం, కార్డులు పంచాం, పెద్దవాళ్ళు వస్తున్నారు, ఇప్పుడు ల్యాబు పేరుగల మనిషే ల్యాబు పేల్చానంటే జనం ఏమనుకుంటారు అన్నాడు. తన సొరుగులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. మూడు వాక్యాలు. అటెండరు అజాగ్రత్తగా మూత మార్చడం వల్ల ప్రమాదం జరిగినది. కింద నా పేరు, సంతకానికి ఖాళీ. మూత మార్చింది నిజమే కదా, అబద్ధం రాయమనడం లేదు, పూర్తిగా రాయొద్దంటున్నాను అంతే అన్నాడు. ఆవిడకి ఎలాగూ రెండేళ్ళే సర్వీసు ఉంది. మీకు మాత్రం ఆ పేరు ఎప్పటికీ ఉంటుంది.

ఆ కాగితంలో ఒక్క తప్పు లేదు. దిద్దడానికి ఏమీ దొరకలేదు. నా దగ్గర బాగానే చదువుకున్నాడు.

సంతకం పెట్టను అన్నాను.

అప్పుడు అతని మొహం మారింది. గొంతు తగ్గించి, పిపెట్టు నోటితో పీల్చమన్నది ఎవరు మాస్టారూ అన్నాడు. నేను పదిహేనేళ్ళ పిల్లాణ్ణి. నాలుక కాలితే అజాగ్రత్త అని నిలబెట్టారు. అప్పుడు మీ మీద మీరు రిపోర్టు రాసుకోలేదే? ఇప్పుడు అటెండరు కోసం రాస్తారా?

ఏ ల్యాబులోనూ ఇప్పుడు నోటితో పీల్చనివ్వరు. రబ్బరు బల్బు పెడతారు. ఆ రోజుల్లోనూ బల్బు ఉండేది, నా బీరువాలో, డబ్బా విప్పకుండా. నోటితో పీల్చడం నైపుణ్యం అనుకున్నాను నేను. అందుకే విప్పలేదు.

దానికి క్షమించు నాయనా, అది కూడా నా తప్పే, కావాలంటే నివేదికలో కలుపుతాను అన్నాను. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు కూడా ఇలాగే చూశాడు. తరువాత నా నివేదికను మడిచి, దీన్ని ఫైల్లో పెడతాను, సంఘం సమావేశం ప్రారంభోత్సవం అయ్యాక ఉంటుంది, అప్పుడు నా కాగితమే చదువుతారు అన్నాడు.

ఫైల్లో పెడతాడు. అంటే పాతిపెడతాడు. బ్యూరెట్టమ్మను తీసేస్తారు, నేను రాతి మీద ఉంటాను.


నవంబరు 13

మా ఆవిడకు అంతా చెప్పాను. ఎదురు చెబుతుందనుకున్నాను. కంది కాయలు ఒలుస్తూ విన్నది. ముప్పై మూడేళ్ళు టెస్ట్‌ట్యూబు మూతి ఎవరివైపూ తిప్పొద్దని పిల్లలకి చెప్పారు, మీ నోరు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి వైపే ఉండేది, ఇవాళ మొదటిసారి మీవైపు తిప్పుకున్నారు, కాస్త కళ్ళు జాగ్రత్త అంది.

నా పేరు పోతుందే అన్నాను. పోతే పోయింది, ఇంట్లో నేను ఎలాగూ ఆ పేరుతో పిలవను కదా అంది.


నవంబరు 15, మధ్యాహ్నం రెండు

బోర్డు నాది. చెక్క బడిది కావచ్చు, అక్షరాలు నావి. చెరిపే హక్కు నాకుంది.

స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళాను. బంట్రోతు అడ్డం వచ్చాడు. పెద్దసారు చెప్పాలండీ అన్నాడు. పక్కకు తప్పుకో, ఈ స్క్రూలు బిగించినప్పుడు నిచ్చెన పట్టుకుంది మీ నాన్నే అన్నాను. తప్పుకున్నాడు. తప్పుకోవడమే కాదు, నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు.

బోర్డును దించి బల్ల మీద పెట్టాం. ఎనామిల్ నీటికి పోదు. టీచరు అసిటోన్ తెచ్చింది. ముందు ఆ వరుసలోని బర్నర్లన్నీ ఆర్పించింది, గ్యాసు తాళం తిప్పించింది, కిటికీలు తీయించింది, గ్లవ్స్ మార్పించింది. ఇన్ని తంతులా అనబోయి మానుకున్నాను. ఇవే తంతులు నేను ఉద్యోగంలో చేరిన రోజే మొదలుపెట్టి ఉంటే? మానుకున్నాను.

దూదితో రుద్దాను. "పారబోయరాదు" అన్నది మొదట కరిగింది. "తిరిగి సీసాలో" అన్నది చాలాసేపు మొరాయించింది. అప్పట్లో మంచి పెయింటే వాడాను. గంటసేపటికి ఏడవ, ఎనిమిదవ నియమాలు పూర్తిగా పోయాయి. అయినా ఏటవాలుగా చూస్తే చెక్కలో అక్షరాల గుర్తులు కనబడుతూనే ఉన్నాయి. రెండు ఖాళీల మీదా ఇక నువ్వు రాయి అని టీచరు చేతికి కుంచె ఇచ్చాను. ఆమె రాసింది: మిగిలినది తిరిగి పోయవద్దు. వ్యర్థాల డబ్బాలో వేయండి. తెలియకపోతే అడగండి. పెరాక్సైడు మూతకు చిల్లు ఉండాలి.

నేనైతే ఇంకోలా రాసేవాణ్ణి. నోరు మూసుకున్నాను. పిల్లలకు అర్థమవుతుంది.

హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఇది పాఠశాల ఆస్తి ధ్వంసం చేయడం అన్నాడు. అయితే నా మీదే ఇంకో విచారణ వెయ్యి, నివేదిక నేనే రాసిస్తాను అన్నాను. బంట్రోతు నవ్వాపుకోలేక బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.


నవంబరు 17

బ్యూరెట్టమ్మ మా ఇంటికి వచ్చింది. నాకోసం మీరు పేరు పోగొట్టుకోవద్దు మాస్టారూ, మూత మార్చింది నేనే, పేపరు మీద రాసేయండి, నేను వేరే పని చూసుకుంటాను అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. స్టాండుకు బిగించినట్టే నిలబడింది.

నీకు చిల్లుమూత వాడొద్దని నేర్పింది ఎవరు అన్నాను. మీరే. చిల్లు ఎందుకుంటుందో నేర్పానా? లేదు. మరి నీ తప్పు ఎక్కడుంది?

అడగకపోవడం అంది. ఆ తరువాత, కాని మాస్టారూ, మీ బోర్డులో అడగండి అని ఎక్కడా లేదు కదా అంది.

లేదు. పన్నెండు నియమాలలో ఎక్కడా లేదు.

ఇప్పుడుంది, వెళ్ళి చదువు అన్నాను. సస్పెన్షన్‌లో ఉన్నాను, గేటు లోపలికి రానివ్వరు అంది. ఇరవై రెండున నాతో రా, ముందు వరుసలో నా పక్కన కూర్చుందువు గాని అన్నాను. చీర ఇస్త్రీ చేసుకుందామంటే కుట్ల చెయ్యి అడ్డు అని మాత్రమే అంది. మా ఆవిడ నేను చేసిపెడతానంది.


నవంబరు 20

హెడ్మాస్టరు కబురు పంపాడు. మాస్టారికి వయసు మీద పడింది కనుక మైకు దగ్గర శ్రమ వద్దట. సందేశం రాసి పంపితే సభ నిర్వహించే కెమిస్ట్రీ టీచరు చదువుతుందట. ముందుగా ఒక ప్రతి తనకు చూపించాలట.

నా నోటికి బిరడా పెడుతున్నాడు. బిరడాకు చిల్లు ఉండాలని అతనికి తెలియదు.

టీచరును కలిశాను. నేను రాసేది నీ చేతికే ఇస్తాను, ఇంకెవరికీ చూపను, నీ ఉద్యోగానికి ఇబ్బంది కావచ్చు, వద్దంటే ఇప్పుడే చెప్పు అన్నాను. ఏం రాస్తారు సార్ అని అడిగింది. మూడేళ్ళ కిందట నీకు రావలసిన జవాబు అన్నాను. ఆమె కాసేపు పరీక్షనాళికలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. నాకొచ్చిన ఉత్తరం నేను ఎక్కడైనా చదువుకోవచ్చు కదా సార్, పైకి చదివే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది అంది.


నవంబరు 21

ఎర్ర ఇంకు సీసా మూత తీసి, కుళాయి తిప్పి, పారబోశాను. తిరిగి నింపను.


నవంబరు 22, ఉదయం ఆరు గంటలు

గౌరవనీయులైన రసాయనశాస్త్ర ఉపాధ్యాయిని గారికి,

నమస్కారములు. స్థలం రాయలేదు, మీరు ఎక్కడ నిలబడి చదివితే అదే. తేదీ వేయలేదు, ఏది వేసినా మూడేళ్ళు ఆలస్యమే.

మీ ఉత్తరం అందింది. మీరు రాసింది నిజం. ఏడవ నియమం తప్పు, ఎనిమిదవది సగం తప్పు. రెండూ నేను రాశాను. నా పక్కన కూర్చున్న అటెండరు గారు వాటిని పొల్లుపోకుండా పాటించారు. అందుకే ఆమె చేతికి ఏడు కుట్లు. ఆమెను తీసివేయదలచుకుంటే, ముందు పలక మీది నా పేరు తీసివేయండి. నా పేరు ఉంచదలచుకుంటే, దాని కింద ఏడవ నియమం చెక్కించి, అడ్డంగా గీత కొట్టించండి.

ఇందులో తప్పులున్నాయేమో చూసుకోలేదు. దిద్దవద్దు. తల్లిదండ్రులు వెనుక వరుసల్లో కూర్చుంటారు, వారిదాకా వినబడాలి. మైకు పనిచేయకపోయినా, ఎవరైనా ఆపమన్నా, దయచేసి పైకి చదవండి.